పసుపు బాణం దారి

పార్కు గేటు మీద "ఏడాదంతా తెరిచే ఉంటుంది" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మొదటిసారి అది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. తెరిచి ఉంటే మాత్రం, పళ్లు టకటకలాడే చలిలో చిన్నపిల్లను తీసుకుని చెరువు పక్కకు వచ్చే బుద్ధిలేనివాళ్లు ఎవరుంటారు? ఉన్నాం, మేమే. మా ఆయన, మా అత్తయ్య, నేను, నా చంకలో పిట్ట.

పిట్ట మా అమ్మాయి. నెలలు నిండకుండానే పుట్టింది. మొదట చేతుల్లోకి తీసుకున్న అత్తయ్య "ఇదేంటే, పిట్టంత ఉంది" అంది. ఆ మాటే పేరయి కూర్చుంది. ఛాతీలో మాత్రం ఎప్పుడూ పిల్లికూతలు. చలిగాలి తగిలితే కూత, దుమ్ము లేస్తే కూత, గట్టిగా నవ్వినా కూతే. "పిట్ట లోపల పిల్లి దూరింది, ఇదెక్కడి విడ్డూరం" అని మా ఆయన నవ్వించబోయేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. అది పుట్టినప్పటి నుంచి నేను నిద్రపోయింది తక్కువ, దాని వీపుకు చెవి ఆనించి పడుకున్నది ఎక్కువ.

దానికి అయిదో ఏడు నడుస్తుండగా, వానలు వెనకపట్టాక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చాలాసేపు విని, "తలుపులన్నీ మూసి పెంచుతున్నారా?" అని అడిగింది.

"అవునండీ. గాలన్నది తగలనివ్వను" అన్నాను, మెచ్చుకుంటుందనుకుని.

"గాలే తగలాలమ్మా. మందు మానొద్దు. కానీ వారానికోసారైనా చెట్లలోకి తీసుకెళ్లి నడిపించండి. ఎండలొచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. నడిస్తేనే ఈ ఛాతీ గట్టిపడుతుంది. అన్నట్టు, బడికి ఎప్పుడు పంపుతున్నారు?"

"పంపుతామండీ" అన్నాడు మా ఆయన. "చూద్దామండీ" అన్నాను నేను. రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

బడి అంటే నాకు దడ. నేను ఏడో తరగతి మధ్యలో ఆగిపోయిన దాన్ని. బడిలో ఏం జరుగుతుందో నాకు గుర్తున్నంతలో, పిల్లలు పరిగెత్తుతారు, తోసుకుంటారు, చెమట పట్టిన ఒంటితో చన్నీళ్లు తాగుతారు. అంతమందిలో దాని వీపుకు చెవి పెట్టి వినేదెవరు?

ఆ సంగతి తేలింది పార్కు గేటు లోపల, బస్సు దిగిన మొదటి సోమవారం. అక్కడ పెద్ద బోర్డు మీద పార్కు పటం గీసి ఉంది. చెరువు చుట్టూ తిరిగి మళ్లీ గేటు దగ్గరికే వచ్చే దారి ఒకటి. ఆ దారి పొడవునా రాళ్ల మీద పసుపు రంగుతో బాణాలు వేశారట. మా ఆయన ఆ గీత మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.

"ఈ చలికాలం వెళ్లేలోగా పిట్ట ఈ దారంతా తన కాళ్లతో నడిస్తే బడిలో వేద్దాం. నడవలేకపోతే ఇంకో ఏడు ఇంట్లోనే ఉంచుకో, నేను మళ్లీ ఆ మాటెత్తను. సరేనా?"

నేను ఆ గీతను చూశాను, నా చంకలో ఉన్న దాన్ని చూశాను. "సరే" అన్నాను. ఒప్పుకోవడం అంత తేలికని నేనెప్పుడూ అనుకోలేదు.

మా ఆయనకు సెలూన్ ఉంది. సోమవారం సెలవు. లోకమంతా పనికి పోయే రోజున మేం షికారుకు పోతాం కాబట్టి పార్కు మొత్తం మాదే అన్నట్టుండేది. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉండేవి. ఉయ్యాలల మీద మంచు నీళ్లు. జనం అంటే, చన్నీళ్లలో ఈత కొట్టే ఒక పెద్దాయన, ఒక గార్డు. ఆ గార్డు మా అమ్మ వయసు మనిషి. బరువైన బూట్లు, మెడలో ఈల. పిట్ట ఆవిడకు వెంటనే ఈలత్త అని పేరు పెట్టేసింది.

మొదటి రోజే ఈలత్తకూ నాకూ మాటామాటా వచ్చింది. దానికి కారణం గంట. సెలూన్ తలుపు మార్చినప్పుడు పాత తలుపుకున్న చిన్న ఇత్తడి గంట ఇంటికి తెచ్చి పడేశాడు మా ఆయన. నేను దాన్ని పిట్ట కోటు అంచుకు దారంతో కట్టేశాను. చెట్ల మధ్య కనిపించకపోయినా వినిపిస్తుంది కదా అని. దాంతో ఇంకో చిక్కు వచ్చింది. ఏళ్ల తరబడి ఆ గంట మోగగానే "రండి, కూర్చోండి" అనడం మా ఆయనకు అలవాటు. పార్కులో పిట్ట గెంతినప్పుడల్లా, చెరువు వైపు చూస్తూనే "రండి, కూర్చోండి" అనేవాడు.

"ఎవర్నిరా కూర్చోమంటున్నావ్, బాతుల్నా?" అనేది అత్తయ్య.

"వాటికీ కటింగ్ కావాలేమోనమ్మా. చూడు, వెనకాల ఎలా పెరిగిపోయిందో."

ఈలత్త మాత్రం నవ్వలేదు. "అమ్మా, చలికాలం పక్షులు ఇప్పుడిప్పుడే దిగుతున్నాయి. ఈ గంటకు బెదిరి లేచిపోతాయి. తీసేయండి."

"పక్షులు లేచిపోతే మళ్లీ వస్తాయండి. నా పిల్ల తప్పిపోతే?"

ఆవిడ నా ముఖం చూసి ఏమనుకుందో, మోకాళ్ల మీద కూర్చుని పిట్టను దగ్గరికి పిలిచింది. "తప్పిపోయినవాళ్లు చేసే తప్పు ఏంటో తెలుసా? నడవడం. నువ్వు తప్పిపోయావనుకో, దగ్గర్లో ఉన్న చెట్టును పట్టుకో. ఉన్నచోటే ఉండు. వెతికేవాళ్లు వస్తారు."

"నువ్వొస్తావా?"

"నేనే వస్తా. ఈల వేసుకుంటూ."

"ఈలోగా చెట్టు ఎటైనా పోతే?"

"చెట్టు ఎటూ పోదు. అందుకే దాన్ని పట్టుకోమంటున్నా."

గంట నాలుక చుట్టూ గుడ్డపేలిక చుట్టి చప్పుడు తగ్గించాను. అంతవరకే రాజీ పడ్డాను. ఆవిడా సరేననుకుంది.

ఆ వారమంతా ఇంట్లో అదే ఆట. నేను వంటగదిలోకి వెళ్తే పిట్ట బల్ల కాలు కావలించుకుని "నేను తప్పిపోయా, వెతుకు" అని అరిచేది. నేను గరిటె పట్టుకుని వెళ్లి ఈల వేసేదాన్ని. నాకు ఈల రాదు. ఉఫ్ఫుమని గాలి వచ్చేది. అది చాలు దానికి.

ఆ చలికాలం సోమవారాలన్నీ ఇంచుమించు ఒకలాగే గడిచాయి. రొట్టె, ఉడికించిన గుడ్లు, ఫ్లాస్కులో వేడి పాలు సంచిలో వేసుకుని మొదటి బస్సెక్కడం. పిట్టకు లోపల రెండు స్వెట్టర్లు, పైన కోటు, మెడకు మఫ్లర్, నెత్తిన కుచ్చుటోపీ. "ముక్కు ఒక్కటే కనబడుతోంది, అదీ మూసేస్తే పార్సిల్ చేసి పంపించొచ్చు" అనేది అత్తయ్య. ఆవిడకు పార్కు తెగ నచ్చేసింది. నేలరాలిన ఎండు కాయలు, చెట్టు బెరడు ముక్కలు, నున్నటి రాళ్లు ఏరి శాలువాలో మూటగట్టుకునేది. ఏరుకుంటూ ఏరుకుంటూ ఎటో పోయేది. ప్రతి సోమవారం ఎవరో ఒకరు ఆవిడను వెతికి తేవాల్సిందే. "నానమ్మ మళ్లీ తప్పిపోయింది" అని పిట్ట పెద్ద ఆరిందాలా తల పట్టుకునేది.

పసుపు బాణం దారి మాత్రం ఒక్కసారీ పూర్తి కాలేదు. ఒకసారి బోర్లించిన పడవల దాకా, ఇంకోసారి చెక్క వంతెన దాకా. పిట్ట ఆగేది. నేను ఎత్తుకునేదాన్ని.

"అది ఆగింది పక్షిని చూడటానికి. అలిసిపోయి కాదు" అన్నాడు మా ఆయన ఒక రోజు వంతెన మీద.

"మీకెలా తెలుసు?"

"నువ్వు దించితే కదా, ఎవరికైనా తెలిసేది."

నేను పిట్టను ఇంకో చంకకు మార్చుకున్నాను. అత్తయ్య శాలువాలో కాయలు సర్దుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అంది. "నాకు నలుగురు పిల్లలు, రెండు చేతులు. అందుకే నలుగురూ నడిచారు. దీనికి ఒక్క పిల్ల, రెండు చేతులు. పాపం, అదెలా నడుస్తుంది?"

ఇంటికి వెళ్లేదాకా నేను ఆవిడతో ముభావంగానే ఉన్నాను. బస్సులో ఆవిడ నా ఒళ్లో ఒక ఎండు కాయ పెట్టింది. అది రాజీ కబురని నాకు తెలుసు. తీసుకున్నాను.

చలి బాగా ముదిరినప్పుడు పిట్టకు జలుబు చేసింది, జ్వరం వచ్చింది. నాకు దిగులుతో పాటు, చెప్పొద్దూ, ఒక రకమైన నిబ్బరం కూడా వచ్చింది. నేను ముందే చెప్పలేదా అని ఇంట్లో అందరి వంకా చూశాను. డాక్టరమ్మ విని, "మామూలు జలుబే. ఛాతీ బాగుంది" అంది. నేను నమ్మలేదు. ఆవిడ విన్నది ఆ కాసేపే. నేను ఇన్నేళ్లుగా వింటున్నాను. లేని కూత కూడా నాకు వినిపిస్తుంది.

బడిలో పేర్లు రాసుకునే రోజులు దగ్గరపడ్డాయి. మా ఆయన ఆ మాట ఎత్తలేదు. ఒప్పందం ఒప్పందమే. కానీ అద్దం ముందు పిట్టకు జుట్టు కత్తిరిస్తూ, అవసరమైన దానికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు. బడికి పోయే పిల్లల కటింగ్ అది. చూస్తే నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాతి సోమవారం పొగమంచు పట్టింది. బస్సు పాక్కుంటూ వెళ్లినట్టు వెళ్లింది. గేటు మీద అక్షరాలు కూడా కనబడలేదు. వెనక్కి పోదామన్నాను. "టిక్కెట్టు కొని వచ్చింది మంచు చూడటానికేననుకో" అంది అత్తయ్య, లోపలికి నడుస్తూనే.

గేటు పక్కన చలి కాచుకునే షెడ్డులో ఈత పెద్దాయన తల తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. తడి జుట్టు చెవుల మీదికి వేలాడుతోంది. అది చూసి మా ఆయన ఇక ఆగలేకపోయాడు. కోటు జేబులో కత్తెర ఎప్పుడూ ఉంటుంది.

"సెలవు రోజే గానీ, మిమ్మల్ని ఇలా చూసి పోతే నాకు నిద్ర పట్టదు. కాస్త తల వంచండి." అని, మా వైపు తిరిగి "మీరు నడుస్తూ ఉండండి, నేను వచ్చి కలుస్తా" అన్నాడు.

మేం ముగ్గురం బయల్దేరాం. బోర్లించిన పడవలు దాటి, దారి వంపు తిరిగేచోట బాణం వేసిన పెద్ద రాయి దగ్గరికి వచ్చాక చూస్తే పిట్ట నెత్తిన టోపీ లేదు. పడవల దగ్గర జారిపోయి ఉంటుంది. మంచులో ఒట్టి తల. నా ప్రాణం పోయినంత పనయింది.

"అత్తయ్యా, ఈ రాయి దగ్గరే ఉండండి. పిట్టా, కదలకు. ఇప్పుడే వస్తా."

టోపీ పడవ పక్కనే దొరికింది. వెనక్కి వస్తుంటే, రాయి ఇంకా కనబడకముందే, కుడివైపు నుంచి గంట వినిపించింది. గుడ్డ చుట్టినా నా చెవికి తెలియదా? కదలొద్దంటే కదిలారు. మనవరాలిని వెంటేసుకుని అత్తయ్య కాయలేరడానికి పోతోంది. తిట్టుకుంటూనే చప్పుడు వెంట పడ్డాను. దారి వదిలి గడ్డిలోకి దిగాను. గంట ముందుకు పోతోంది, నేను వెనకే. వినబడుతోంది కాబట్టి నాకు భయం కూడా వేయలేదు. దగ్గరికి వెళ్లాక మంచులోంచి అత్తయ్య వంగిన వీపు కనబడింది. ఆవిడ శాలువా అంచుకు కట్టి ఉంది గంట.

"పిట్టేది?"

"రాయి దగ్గరుంది. అమ్మ వచ్చేదాకా కదలనంది." ఆవిడ తాపీగా నడుం పట్టుకుని లేచింది. "నేనే తప్పిపోతానట. తన గంట విప్పి నాకు కట్టింది, చూడు. ముడి కూడా అదే వేసింది."

నేను రాయి వైపు పరిగెత్తాను. అంటే, రాయి ఉందనుకున్న వైపు. కాస్త దూరం పోయాక కాళ్ల కింద దారి తగల్లేదు. ఇంకో వైపు తిరిగాను. గడ్డే. ముందూ వెనకా ఒకటే తెలుపు. అత్తయ్య గంట కూడా ఇప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు. పక్కనెక్కడో చెరువు ఉంది.

"పిట్టా!" అని అరిచాను.

"అమ్మా."

దగ్గరగానే. కానీ ఎటు?

"ఎక్కడున్నావే?"

"రాయి దగ్గర. నువ్వెక్కడున్నావ్?"

"ఇక్కడ."

"ఇక్కడంటే?"

చుట్టూ చూశాను, తెలుపే. మళ్లీ పిట్టే అడిగింది. "అమ్మా, తప్పిపోయావా?"

"ఊఁ" అన్నాను.

"అయితే కదలకు. చెట్టుందా?"

"ఉంది గానీ, నువ్వు మాట్లాడుతూ ఉండు, నేనే వచ్చేస్తా."

"వద్దు. ఈలత్త ఏం చెప్పింది? నడవడమే తప్పంది. చెట్టు పట్టుకో. పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"రెండు చేతులతోనా?"

నేను ఒక చేతిలో టోపీ, ఒక చేత్తో చెట్టు పట్టుకుని ఉన్నాను. దానికెలా తెలిసిందో. టోపీ చంకలో పెట్టుకుని రెండు చేతులూ వేశాను. "రెండు చేతులతోనే."

"నేనూ కదల్ను. రాయి దగ్గరే ఉండమన్నావు కదా. భయపడకు, మాట్లాడతాలే."

మాట్లాడింది. ఆగకుండా, గట్టిగా, మంచు అవతలికి వినబడేలా మాట్లాడింది. రాయి మీద బాణం ఎటు చూపిస్తోందో చెప్పింది. ఆ బాణం ముక్కు దగ్గర రంగు ఊడిపోయిందట. నాన్న ఇప్పుడు ఆ తాతకు కటింగ్ చేస్తున్నాడని, ఆ తాత చెవులు రెండూ ఒకలా లేవని, నానమ్మకు ముడి వేసేటప్పుడు ఆవిడ కదులుతూనే ఉందని, పెద్దవాళ్లు ఒక్కచోట ఉండరని చెప్పింది. ఈలత్తను ఒకసారి కేక వేసింది. బాతు ఎలా అరుస్తుందో అరిచి చూపించింది.

నేను చెట్టు మానుకు చెవి ఆనించి ఉన్నానని కాసేపటికి గానీ నాకే తెలియలేదు. చల్లటి బెరడు. అలవాటు కొద్దీ వింటున్నాను. లోపల ఏ చప్పుడూ లేదు. బయట పిట్ట గొంతు ఒక్కటే. కనిపించని ఆ గొంతును మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఊపిరి అందక ఆగుతుందేమో, కూత తేలుతుందేమో అని విన్నాను. అది ఇంకో బాతులా అరిచింది. దాని మీద ఇంకోటి.

ఈల వినిపించింది. ముందు ఈలత్త బూట్లు, తర్వాత ఆవిడ, ఆవిడ వెనక శాలువా మూటతో అత్తయ్య. ఈలత్త నన్ను చెట్టు నుంచి విడిపించి మోచెయ్యి పట్టుకుని నడిపించింది. ఎంతో దూరం కాదు. రాయికీ ఆ చెట్టుకూ మధ్య మా సెలూన్ పట్టేంత జాగా ఉంటుందేమో.

"ఇద్దరూ ఉన్నచోటే ఉన్నారే" అంది ఆవిడ. "నా సర్వీసులో ఇంత మాట వినేవాళ్లను చూడలేదు. ఇంతకీ తప్పిపోయిందెవరు?"

"అమ్మ" అంది పిట్ట. రాయి మీద కూర్చుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

నా చేతులు వాటంతటవే చాచుకున్నాయి. చంకలో టోపీ గుర్తొచ్చి, అది తీసి దాని నెత్తిన పెట్టాను. చెవుల మీదికి లాగాను. అంతే.

"నడుద్దామా? ఇంకా చాలా ఉంది" అంది అది.

నడిచాం. పిట్ట ముందు, నేను దాని వెనక, గంట మోగించుకుంటూ అత్తయ్య నా వెనక. వంతెన మీద అది ఆగింది. నేను చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. నీళ్లలోకి చూసింది, రాయి విసిరింది, మళ్లీ నడిచింది. వంతెన అవతల దారి ఎలా ఉంటుందో నేను అప్పటిదాకా చూడనే లేదు. అక్కడ బాణాలు ఇంకా కొత్త రంగుతో ఉన్నాయి.

మంచు విడిపోతుండగా షెడ్డు అవతలి వైపు నుంచి వచ్చి చేరాం. గంట విని, తల ఎత్తకుండానే మా ఆయన "రండి, కూర్చోండి" అన్నాడు. తర్వాత ఎత్తాడు. మేం ఎటు నుంచి వచ్చామో చూశాడు. కత్తెర గాల్లోనే ఆగిపోయింది. ఈత పెద్దాయన సగం తలతో అలాగే ఉండిపోయాడు.

"ఎవరు ఎత్తుకున్నారు?" అని అడిగాడు మెల్లగా.

"ఎవరూ ఎవర్నీ ఎత్తుకోలేదు" అంది అత్తయ్య మూట దించుతూ. "మీ ఆవిడ మాత్రం ఒక చెట్టును కావలించుకుంది."

బడి మొదలైన రోజు సోమవారం కాదు. అయినా మా ఆయన సెలూన్ ఆలస్యంగా తెరుస్తానన్నాడు. నలుగురం వెళ్లాం. కోటు వేసే కాలం వెళ్లిపోయింది కాబట్టి గంట ఇంట్లోనే ఉంటుందనుకున్నాను. బయల్దేరేముందు పిట్ట దాన్ని తెచ్చి, దారంతో నా మణికట్టుకు కట్టింది. గుడ్డపేలిక ఊడబీకేసింది.

"నాకెందుకే?"

"దారిలో తప్పిపోతావేమో" అంది.

బడి గేటు ముందు నిలబడి, బోర్డు మీద అక్షరాల్లో తనకు తెలిసినవాటిని వేలితో చూపించింది. పార్కు బోర్డుల మీద నేను నేర్పినవి. "ఇది కూడా ఏడాదంతా తెరిచే ఉంటుందా?"

"ఉండదు. సాయంత్రం మూసేస్తారు."

"అయితే సాయంత్రం వచ్చేయ్. ఇక్కడే ఉంటా."

లోపల పిల్లలు పరిగెత్తుతున్నారు, తోసుకుంటున్నారు. అది వాళ్లలో కలిసింది. సంచి వీపు మీద ఎగురుతోంది. తిరిగి చూస్తుందని చూశాను. చూడలేదు. అప్పుడు చెయ్యి పైకెత్తి ఒక్కసారి కదిపాను.

గంట మోగింది. నా పక్కన మా ఆయన ఏదో అనబోయి మానేశాడు. అక్కడ, గుంపు మధ్యలో, పిట్ట వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఊపింది.